పచ్చిక లేని కొండకు నీరెక్కడిది?

ఆఫ్రికా ఖండపు పటాన్ని ముందు పరచుకొని చూచినప్పుడు, దక్షిణ కొసన, దక్షిణాఫ్రికా దేశపు కడుపులో ఒక చిన్న ముక్క విడిగా కనిపిస్తుంది. నలువైపులా ఒకే దేశం చుట్టుకొని ఉన్న ఆ ముక్క పేరు లెసోతో. పరీక్షలలో దానిని గురించి ఎవరూ ప్రశ్న అడుగరు గనుక విద్యార్థులు దానిని దాటిపోవడం పరిపాటి. మేమూ చాలాకాలం అట్లే దాటిపోయినవారమే. అయితే ఆ దేశపు కొండలను గురించి, గడ్డిని గురించి, నీటిని గురించి చదువుకొన్నకొద్దీ, అక్కడ తలెత్తిన ప్రశ్న ఆ దేశానికే పరిమితమైనది కాదని మాకు తోచింది. నీరు పుట్టే చోటును కాపాడవలసినది ఎవరు? ఆ కాపలాకు కూలి చెల్లించవలసినది ఎవరు? ఇదే ఆ ప్రశ్న. నీటికి వెల కట్టిన లోకం ఆ నీటిని నిలిపి ఉంచే పచ్చికకు మాత్రం వెల కట్టలేదనీ, అది కట్టనంతకాలం అక్కడి జీవరాశికి గాని, నీటికి గాని భద్రత లేదనీ మా అభిప్రాయం. దీనిని సహేతుకంగా పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెసోతో వైశాల్యం 30,355 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ రాష్ట్రంలో మూడవ వంతుకైనా రాదు. 2016 నాటి లెక్కల ప్రకారం జనాభా సుమారు 20 లక్షలు. దేశం చిన్నదే గాని ఎత్తులో దానికి సాటి లేదు. భూభాగమంతా 1,000 మీటర్లకు పైననే ఉన్న స్వతంత్ర దేశం ప్రపంచంలో ఇదొక్కటే. ఆ దేశంలోని మిక్కిలి పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే మనం వేసవి విడిదిగా చెప్పుకొనే హార్స్‌లీ కొండల కంటె వారి లోతట్టు పొలాలే ఎత్తయినవి. దేశపు నడుమన, తూర్పున మలోతీ పర్వతాలు వరుసలు తీరి ఉన్నాయి. వానిలో తబానా న్ట్లెన్యానా అనే శిఖరం 3,482 మీటర్లు. కిలిమంజారోకు దక్షిణంగా ఆఫ్రికాలో అంతకంటె ఎత్తయిన శిఖరం లేదు. ఆ పేరుకు అర్థం మాత్రం ‘అందమైన చిన్న కొండ’ అని! అక్కడ జూన్, జూలై నెలలు చలికాలం. కొండలపై మంచు కురుస్తుంది. వానలు అక్టోబరులో మొదలై ఏప్రిల్ వరకు పడతాయి.

ఇంత దూరపు నేలకూ మన నేలకూ ఏ సంబంధమూ లేదనుకోవడం పొరపాటు. కోట్ల సంవత్సరాల క్రితం ఈ రెండూ ఒకే మహాఖండంలోని భాగాలు. ఆ మహాఖండానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా అనే పేరు, మన ఆదిలాబాదు అడవులలోనూ నివసించే గోండుల సీమ పేరు నుండి వచ్చినదే. హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియంలో మనం తలయెత్తి చూచే కోటసారస్ అస్థిపంజరమూ, 1978లో ఆ దేశం పేరనే నామకరణం పొందిన లెసోతోసారస్ అనే చిన్న శాకాహార జంతువూ జురాసిక్ యుగపు తొలి భాగానికే చెందినవి. తరువాత భూమి పగిలి, లావా పొరలు పొరలుగా పారి, గట్టిపడి మలోతీ కొండల పైభాగం ఏర్పడింది. అది సుమారు 18 కోట్ల సంవత్సరాల నాటి మాట. మన దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాయి కూడా ఇటువంటి లావా నుండి పుట్టినదే, కాని అది చాలా తరువాతిది. ఆ నల్లరాయి చివికి ఏర్పడిన మట్టిలోనే లెసోతో గడ్డి పెరుగుతున్నది.

గడ్డి అనగానే మన మనస్సులలో ఒక చిన్నచూపు కదలుతుంది. జీవవైవిధ్యం అంటే దట్టమైన అడవి, పులి, ఏనుగు అని మనం చిన్ననాటి నుండి నేర్చుకొన్నాం. చెట్టులేని బయలును ‘బీడు’ అని, ‘బంజరు’ అని పిలవడం మన అలవాటు. లెసోతోలో సహజమైన అడవి మిక్కిలి స్వల్పం. నీరున్న లోయలలో ‘చెచె’ అనే పొట్టి చెట్ల తోపులు, దక్షిణాఫ్రికా ఖండభాగానికి స్వదేశీయమైన ఒక వెదురు జాతి, అక్కడక్కడ అడవి ఆలివు చెట్లు, అంతమాత్రమే. తక్కినదంతా పచ్చిక. అయితే ఆ పచ్చిక ఒకటే రకం కాదు. పల్లపు ప్రాంతాలలో, కొండవాలులలో ‘సెబొకు’ అనే ఎర్రటి గడ్డి పెరుగుతుంది. ఇంకా పైకి పోతే, ఎండాకాలంలోనూ రాత్రి నేల గడ్డకట్టే ఎత్తున, కురచ గడ్డి, వెండివన్నె ఆకుల పూలమొక్కలు, ముళ్ళవంటి చిన్న పొదలు నేలనంటుకొని బ్రతుకుతాయి. మలోతీ - డ్రాకెన్స్‌బర్గ్ శిఖర ప్రాంతాన్ని వృక్షశాస్త్రజ్ఞులు ప్రత్యేక వృక్ష మండలంగా గుర్తించారు. అక్కడ తప్ప మరెక్కడా పెరుగని మొక్కలు ఆ మండలంలో ఎన్నో ఉండటమే అందుకు కారణం.

వానిలో అందరినీ ఆకర్షించేది సర్పిల కలబంద. దీని ఆకులు అయిదు వరుసలుగా, గవ్వమీది చుట్టల వలె తిరిగి ఉంటాయి. కొన్ని మొక్కలు కుడికి తిరిగితే, కొన్ని ఎడమకు తిరుగుతాయి. నిటారైన నల్లరాతి వాలులపై, వేళ్ళకు ఎప్పుడూ తేమ తగిలే చోట మాత్రమే ఇది పెరుగుతుంది. ప్రపంచం మొత్తంలో సహజంగా పెరిగేది లెసోతోలోనే. అది వారి జాతీయ మొక్క. అందాన్ని చూచి పెరటిలో పెట్టుకోవాలని పెరికి తీసుకుపోయినవారి చేతులలో అది తరచుగా చచ్చిపోతుంది. దేశాల మధ్య దాని వర్తకాన్ని అరికట్టడానికి అంతర్జాతీయ ఒడంబడికలో దానిని అత్యున్నత రక్షణ గల జాబితాలో చేర్చవలసి వచ్చింది. అందమే శత్రువైన ప్రాణి ఇది.

జంతుజాలం కూడా ఇట్లే విలక్షణమైనది. చలికి నిద్రపోకుండా, పగలు రాళ్ళపై ఎండ కాచుకొని, రాత్రి బొరియలలో ఒకదానినొకటి ఒరుసుకొని వెచ్చదనం పంచుకొనే మంచు ఎలుక అక్కడ నివసిస్తుంది. ఎముకలను ఎత్తుకు తీసుకుపోయి బండలపై జారవిడిచి, పగిలిన ముక్కలను మ్రింగే గడ్డపు రాబందు హిమాలయాలలోనూ ఉన్నది గాని, దక్షిణాఫ్రికా ఖండభాగంలో దానికి మిగిలిన ఆశ్రయం ఈ మలోతీ - డ్రాకెన్స్‌బర్గ్ కొండలే. అక్కడ గూడుకట్టే జంటలు సుమారు నూరు మాత్రమే. విషపు ఎరలు, విద్యుత్తు తీగలు దాని ప్రాణం తీస్తున్నాయి. మొఖొట్లోంగ్ అనే పట్టణం పేరుకు ‘బోడితల కంకణం పిట్ట ఉండే చోటు’ అని అర్థం. ఎర్రని బోడితల, వంకర ముక్కు గల ఆ పక్షి లెసోతో, దక్షిణాఫ్రికా, ఎస్వాతిని దేశాలలో తప్ప మరెక్కడా లేదు. ఊరికి పక్షి పేరు పెట్టుకొన్న ప్రజలు ప్రకృతిని ఎరుగనివారని ఎవరనగలరు?

ఒక చిన్న చేప కథ మరింత ఆలోచింపజేస్తుంది. మలోతీ చిరుచేప మన అరచేతిలో ఇమిడిపోయేటంతటిది. 1938లో శాస్త్రజ్ఞులు దీనిని నటాల్ ప్రాంతపు నదిలో మొదట గుర్తించారు. తరువాత అక్కడ అది కనిపించకుండాపోగా, అంతరించిందని భావించారు. 1970లో లెసోతోకు తూర్పు అంచున ఉన్న సెహ్లబతెబె ప్రాంతపు ఏటిలో మళ్ళీ కనుగొన్నారు. దేశపు మొదటి జాతీయ ఉద్యానం ఏర్పడినది కూడా అక్కడే. 2013లో అది ప్రపంచ వారసత్వ స్థలంలో భాగమైంది. సెహ్లబతెబె ఇసుకరాతి బండలపై గిన్నెల వలె గుంటలు ఉన్నాయి. వానకాలంలో వానిలో నిలిచే జానెడు నీటిలో ఒక చిన్న తెల్ల పూల నీటిమొక్క పూస్తుంది. లోకానికి అల్పమని తోచే గుంట ఆ మొక్కకు సముద్రం.

ఇంతవరకు చెప్పినది ఆ దేశపు సొమ్ము. ఇక ఆ సొమ్ముకు పునాది ఏమిటో చెప్పాలి. మలోతీ లోయల తలాపున, రెండువేల ఆరేడు వందల మీటర్లకు పైన, చిత్తడి నేలలు ఉన్నాయి. చలి వలన అక్కడ చచ్చిన ఆకులు, వేళ్ళు పూర్తిగా కుళ్ళవు. అవి ఏళ్ళ తరబడి పేరుకొని నల్లని మెత్తని పొరగా మారతాయి. దానిపై గడ్డి, తుంగ జాతి మొక్కలు దట్టమైన తివాచీ వలె అల్లుకొంటాయి. వాన పడినప్పుడు, మంచు కరిగినప్పుడు ఆ నీటిని ఈ నేల స్పంజి వలె పీల్చుకొంటుంది. వానలు వెనుకబడిన నెలలలో కొంచెం కొంచెంగా వదలుతుంది. అందువలననే చలికాలంలోనూ ఏరులు ఎండక, తేటగా పారుతాయి. ఈ ఊటల నుండి పుట్టిన సెంకు నదియే దేశపు సరిహద్దు దాటి ఆరెంజ్ నది అనే పేరుతో దక్షిణాఫ్రికాను అడ్డంగా దాటి, నమీబియా సరిహద్దున పారి, 2,000 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం తరువాత అట్లాంటిక్ మహాసముద్రంలో కలుస్తుంది. ఎడారి అంచున ఆ నీటితో పండే తోటకు ప్రాణం పోసేది లెసోతో కొండమీది ఈ తడి తివాచీయే.

ఆ తివాచీ ఇప్పుడు చిరుగుతున్నది. వేసవి మేతకు పైకి తోలుకొని వచ్చిన గొర్రెలు, మేకలు, పశువులు తడి నేలను త్రొక్కి గట్టిపరుస్తాయి. గడ్డి పలుచబడిన చోట మంచు ఎలుకల బొరియలు ఎక్కువవుతాయి. ఆ బొరియల వెంట నీరు దారి చేసుకొని, నేలను కోసి, చీలికలు చేస్తుంది. నల్లని పొర ఎండి, గాలికి ఎగిరిపోతుంది. పశువులు ముట్టని ‘సెహలహల’ అనే పొద గడ్డి స్థానాన్ని ఆక్రమిస్తుంది. పల్లపు ప్రాంతాలలో పరిస్థితి మరింత దారుణం. పై మన్ను కొట్టుకొనిపోయి, పొలాల నడుమ మనిషి నిలువులోతు గండ్లు పడ్డాయి. ఆ గండ్లకు దక్షిణాఫ్రికా భాషలలో ‘దొంగా’ అని పేరు. మన భాషలో ఆ మాటకున్న అర్థం అక్కడివారికి తెలియదు. కాని నిజంగా అవి దొంగలే! ఒక్కొక్క వానకూ కొంత పొలాన్ని ఎత్తుకొని, నదిలో కలిపి, దేశం దాటించే దొంగలు.

ఈ దుస్థితికి గొర్రెల కాపరియే కారణమని తేల్చి చెప్పడం సులభం. మేము ఆ తీర్పును అంగీకరించలేము. చరిత్ర వేరుగా చెబుతున్నది. 1824లో మొష్వేష్వే అనే నాయకుడు తబా బోసియు అనే బల్లపరుపు కొండను ఆశ్రయించి, యుద్ధాలతో చెదరిన ప్రజలను చేరదీసి బసోతో జాతిని నిర్మించాడు. ఆనాడు వారికి కలెడన్ నదికి పడమటనున్న సారవంతమైన మైదానాలు కూడా ఉండేవి. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని బోయర్లతో జరిగిన యుద్ధాల తరువాత, 1868లో దేశం బ్రిటిషు రక్షణ క్రిందికి వచ్చింది. 1869 నాటి ఒడంబడికతో ఆ మైదానాలు చేజారాయి. 1870 దశకంలో కింబర్లీ వజ్రపు గనుల కూలీలకు ధాన్యం పంపిన దేశం, కొన్ని దశాబ్దాలలోనే తన బిడ్డలను ఆ గనులకు కూలీలుగా పంపే దేశమైంది. మంచి నేల పోయినవాడు వాలు నేలను దున్నుతాడు. పొలం చాలనివాడు మందను కొండకెక్కిస్తాడు. ఉన్నిని కొనే విదేశీ వర్తకం మెరీనో గొర్రెలను, అంగోరా మేకలను మరింతగా పెంచమన్నది. 1935లో బ్రిటిషు ప్రభుత్వానికి అలన్ పిమ్ సమర్పించిన నివేదిక నేలకోతను గుర్తించింది. 1938లో స్టేపుల్స్, హడ్సన్ అనేవారు కొండ ప్రాంతపు పచ్చికలను సర్వే చేశారు. రోగం నూరేళ్ళనాటిది. దానిని ఈనాటి కాపరి నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఇక నీటి వర్తకం విషయానికి వద్దాం. 1986 అక్టోబరు 24న లెసోతో, దక్షిణాఫ్రికా దేశాలు ఒక ఒడంబడికపై సంతకం చేశాయి. మలోతీ నదులను ఆనకట్టలతో ఆపి, కొండల క్రింద సొరంగాలు త్రవ్వి, నీటిని జొహాన్నెస్‌బర్గ్ నగరం, దాని చుట్టునున్న పరిశ్రమలు ఉన్న ప్రాంతానికి మళ్ళించడం ఆ పథకం లక్ష్యం. 185 మీటర్ల ఎత్తు గల కాట్సే ఆనకట్ట 1996లో పూర్తి అయింది. 1998లో నీరు సరిహద్దు దాటింది. తరువాత 145 మీటర్ల మొహాలే ఆనకట్ట వచ్చింది. మొదటి దశ క్రింద ఏటా సుమారు 78 కోట్ల ఘనపు మీటర్ల నీరు పోతున్నది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 27 టీఎంసీలు. రెండవ దశ క్రింద సెంకు నదిపైననే పోలిహాలి ఆనకట్ట పనులు జరుగుతున్నాయి. ఈ నీటికి దక్షిణాఫ్రికా రాయల్టీ చెల్లిస్తున్నది. పథకంలో భాగమైన మ్యుయెలా కేంద్రం లెసోతోకు విద్యుత్తును ఇస్తున్నది. కొండలలోకి రోడ్లు వచ్చాయి. పేద దేశానికి ఇది చిన్న లాభం కాదు. దానిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశమూ కాదు.

కాని లాభంతోపాటు నష్టాన్నీ లెక్కకట్టాలి గదా! జలాశయాల క్రింద లోయలలోని మంచి పొలాలు, పచ్చికలు మునిగాయి. వందలాది కుటుంబాలు ఊళ్ళు విడిచాయి. మొహాలే జలాశయానికి ఎగువనున్న ఏరులలో మలోతీ చిరుచేప భద్రంగా ఉండేది. దిగువనున్న జలపాతం పెద్ద చేపలను పైకి రానీయకుండా కోటగోడ వలె కాపాడింది. రెండు జలాశయాలను కలిపిన సొరంగం ఆ కోటకు దొడ్డిదారి తెరిచింది. తనను తినగల చేపలు, తన తిండిని లాగుకొనే చేపలు ఆ దారిన వచ్చి చేరే ప్రమాదం ఏర్పడింది. ఇక మనుషుల సంగతి. 2015 డిసెంబరులో లెసోతో ప్రభుత్వం కరవు అత్యవసర పరిస్థితిని ప్రకటించవలసి వచ్చింది. ఇతరుల దాహం తీర్చే కొండల దేశంలో, ఆడవారు బకెట్లతో ఊటల చుట్టూ తిరిగే కాలం వచ్చిందంటే, ఎక్కడో లెక్క తప్పినట్లే.

కూలీలు గనులకు పోయారు. ఉన్ని మిల్లులకు పోయింది. మూడువేల మీటర్ల ఎత్తునున్న లెట్సెంగ్ గనిలో 2006లో 603 క్యారెట్ల వజ్రం దొరికితే అదీ విదేశీ విపణికే పోయింది. గోల్కొండ వజ్రాలు ఎటుపోయాయో తెలిసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నీరు సొరంగాలలో పోతున్నది. మన్ను నదులలో పోతున్నది. మొదటి నాలుగింటికీ ఎంతో కొంత వెల ముట్టింది. అయిదవదానికి ఎవరూ పైసా ఇవ్వరు. ఇచ్చినా అది తిరిగిరాదు. మన్ను పోతే జలాశయాలు కూడా పూడికతో నిండుతాయి. అనగా పచ్చికను నిర్లక్ష్యం చేసిన నీటి పథకం తన గొయ్యిని తానే త్రవ్వుకొంటున్నదన్నమాట.

ఇందుకు పరిష్కారంగా రెండు వాదాలు వినబడుతుంటాయి. కొండల చుట్టూ కంచె వేసి, మందలను దించివేస్తే ప్రకృతి తనంతట తాను కోలుకొంటుందనేది మొదటిది. వినడానికి బాగున్నది. కాని అక్కడి కుటుంబానికి చేతికి వచ్చే రొక్కం ఉన్ని మీదనే. మందను దించమంటే దించిన తరువాత ఏమి తినాలో కూడా చెప్పాలి. పైగా ఆ కాపరి ఎవరు? చాలా చోట్ల అతడు మన విద్యార్థుల ఈడువాడు, ఇంకా చిన్నవాడు కూడా. దుప్పటి కప్పుకొని, ‘మొతెబో’ అనే రాతి గుడిసెలో, బడికి దూరమై, నెలల తరబడి కొండపై మందను కాచేవాడు. అతనిని దోషిగా నిలబెట్టే పర్యావరణ శాస్త్రం మాకు సమ్మతం కాదు. ఇక రెండవ వాదం. పేద దేశానికి చేపలు, కలబందలు విలాసమనీ, ముందు డబ్బు రానిమ్మనీ కొందరంటారు. వారికి మేము చెప్పేది ఒక్కటే. ఆ డబ్బు నీటివలన వస్తున్నది. నీరు పచ్చిక వలన నిలుస్తున్నది. పచ్చిక విలాసమైతే ఖజానా కూడా విలాసమే.

నిజానికి దారి ఆ ప్రజల సంప్రదాయంలోనే ఉన్నది. ‘మబొయెల్లా’ అనే పేరుతో గ్రామపెద్ద కొన్ని పచ్చికలను కొంతకాలం మూసివేసి, గడ్డి మళ్ళీ ఎదిగిన పిదప తెరవడం బసోతోల పూర్వాచారం. ఇంటికప్పుకు గడ్డి, బుట్టలకు రెల్లు కూడా ఇట్లే కాపాడుకొనేవారు. ఇటువంటి కట్టుబాటు మనకు క్రొత్త కాదు. అరబ్బు దేశంలో ‘హిమా’ అనే పేర పచ్చిక బయళ్ళను కేటాయించి కాపాడే ఆచారం ప్రాచీనమైనది. బలవంతుల సొంతమై ఉన్న దానిని ఇస్లాం ప్రజాహితానికి మళ్ళించింది. మన తెలంగాణ గ్రామాలలో బంచరాయి, కంచ అనే ఉమ్మడి మేతభూములు ఉండేవి. మూడు దేశాలలో, మూడు భాషలలో, ఒకే వివేకం. భూమి మనకు అమానతుగా ఇవ్వబడినదే గాని, ఇష్టానుసారం ఖర్చు చేయడానికి కాదనే వివేకం అది.

ఆ సంప్రదాయం ఎందుకు బలహీనపడింది? కట్టుబాటును పాటించినవానికి లాభం, తప్పినవానికి జరిమానా రెండూ కరవైనందున. తన వంతు పచ్చికను మూసి ఉంచినవాడు, ప్రక్క ఊరి మంద రాత్రిపూట దానిని మేసిపోతే చూస్తూ ఎంతకాలం ఊరకుంటాడు? 1980 దశకంలో సెహ్లబతెబె ప్రాంతంలో మొదలుపెట్టి, పచ్చికల నిర్వహణకు కాపరుల సంఘాలను ఏర్పాటు చేశారు. ఇటీవల నదీ పరీవాహక ప్రాంతాల పునరుద్ధరణకు దేశవ్యాప్తంగా ‘రెనోకా’ అనే ఉద్యమం ప్రారంభమైంది. ఆ మాటకు ‘మనమే నది’ అని అర్థం. ఇవి శుభసూచకాలే. అయితే సంఘం పేరు పెట్టినంత మాత్రాన గడ్డి పెరుగదు. కనుక మా అభిప్రాయంలో మూడు పనులు జరుగవలసి ఉన్నది.

మొదటిది, నీటి ఆదాయంలో ఒక నిర్ణీత భాగాన్ని చట్టప్రకారం నీరు పుట్టే లోయలకే కేటాయించాలి. అది దయగా ఇచ్చే సహాయం కాదు, పచ్చికను కాపాడినందుకు చెల్లించే కూలి. ఊట ఎండకుండా నిలిచిన లోయకు ఎక్కువ, చీలిన లోయకు తక్కువ ముట్టేటట్లు ఏర్పాటు ఉండాలి. ఆ నీటిని త్రాగే నగరాలు కూడా ఇందులో పాలు పంచుకోవాలి. రెండవది, పచ్చికను మూయడానికి, తెరవడానికి అధికారం అక్కడి ప్రజల చేతిలోనే ఉండాలి. ప్రభుత్వం వారికి వెన్నుదన్నుగా నిలవాలే గాని, వారి స్థానాన్ని ఆక్రమించరాదు. మూడవది, కొండపై కాపరిగా ఉన్న బాలునికి చదువు కొండవరకు రావాలి. రాబందు గూళ్ళు ఎన్నో, ఊట ఎప్పుడు తగ్గిందో, ఏ గడ్డి మాయమైందో అతనికంటె బాగా ఎవరికి తెలుసు? ఆ తెలివికి గౌరవమూ, వేతనమూ ఇచ్చిననాడు అతడే ఆ జీవరాశికి మొదటి సంరక్షకుడవుతాడు.

ఇదంతా పరాయి దేశానికి ఉచిత సలహా అని ఎవరైనా నవ్వవచ్చు. అట్లైతే మన ముంగిట చూచుకొందాం. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తి అయ్యాయి. తరతరాలుగా నగరం ఆ నీరు త్రాగింది. ఆ చెరువులకు నీరు చేరే నేలను కాపాడటానికి 1996లో 10 కిలోమీటర్ల పరిధిలో కట్టడాలపై ఆంక్షలు విధించారు. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. ఆనకట్ట రాతిని పూజించి, వాననీరు పారివచ్చే నేలను మరచిపోవడం ఒక్క లెసోతో జబ్బు కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

లెసోతో జాతీయ నినాదంలో మూడే మాటలున్నాయి: శాంతి, వాన, సమృద్ధి. 2006లో స్వీకరించిన వారి జెండా నడుమ సింహం లేదు, ఖడ్గం లేదు. గడ్డితో అల్లిన ఒక టోపీ ఉన్నది. గడ్డిని జెండాపై నిలిపిన జాతికి దాని విలువ మనం నేర్పనక్కరలేదు. ఆ విలువను చెల్లించవలసినది మాత్రం దిగువన నీరు త్రాగేవారు. ఈ సంచికను చదివే విద్యార్థి మిత్రులను మేము కోరేది ఒక్కటే. రేపు కుళాయి త్రిప్పి గ్లాసు నింపుకొన్నప్పుడు, ఈ నీరు ఏ వాలు మీద మొదట నిలిచింది, ఆ వాలును ఎవరు కాచారు, వారికి మనం ఏమి బాకీపడ్డాం అని ఒక్కసారి ప్రశ్నించుకోండి. కళాశాల కమిటీ పెద్దలు కూడా, తరగతిలో భూగోళ పాఠంతోపాటు మన చెరువులకు నీరు వచ్చే దారిని కాలినడకన చూపించే ఒక రోజును ఏటా ఏర్పాటు చేయవలసిందిగా మా మనవి. పటంలో దాటిపోయిన చిన్న దేశం మాకు నేర్పిన పాఠం ఇది.